తలవైపు తాడు

లాక్లన్,

అన్నయ్యా అని రాయడానికి చెయ్యి రావడం లేదు. అమ్మను పూడ్చిపెట్టడానికి ఒకే రైలెక్కాం, నువ్వు బెర్తులో, నేను సీటులో. సరే, నీ దర్జా నీది. పొద్దున చలికి కొంకర్లు పోతూ, వేడి టీ కోసం లాంజ్ పెట్టె దాకా వచ్చాను.

"బెర్తువాళ్లకేనమ్మా. లోపల మీవాళ్లుంటే రండి," అన్నాడు అటెండెంట్.

నిన్ను చూపించాను. ఓట్స్ జావ తాగుతున్నవాడివి తలెత్తి, నా పాత కోటు చూసి, "ఎవరో, నాకు తెలీదు," అన్నావు.

శవపేటికను గోతిలోకి దించేటప్పుడు తలవైపు తాడు పెద్దకొడుకే పట్టుకోవాలి. ఊళ్లో నీ మొహం ఎప్పుడో మర్చిపోయారు. తాళ్లు పంచే మెక్‌ఫీ నిన్ను చూపించి, "ఎవరాయన?" అని నన్నే అడుగుతాడు.

నువ్వు నేర్పిన జవాబే చెబుతాను.

ఇట్లు,
ఎవరో