ఎనిమిది పాటల పంపకం

దువ్వాడ,
2వ తేదీ.

పూజ్యులైన సూరన్న మావయ్యకి మేనకోడలు ధనశ్రీ నమస్కరించి రాస్తున్నది.

ఉత్తరం చూసి కంగారు పడకు. ఆల్బమ్ పూర్తయింది. ఆఖరి పాటలో గొంతు చించుకున్నాను కాబట్టి డాక్టరు రెండు వారాలు నోరు విప్పొద్దన్నాడు. నీ బటన్ ఫోనులో మెసేజీలు నువ్వు ఎలాగూ చూడవు. అందుకే చేపలమ్మడానికి రోజూ ఇక్కడికొచ్చే గంగాలమ్మత్త గంపలో ఈ ఉత్తరం పెడుతున్నాను.

పదకొండేళ్ళు హోటళ్ళలో బ్యాండు వెనక నిలబడి, జనం భోజనాలు చేస్తుంటే పాడాను. నా ఒక్కదాని పేరుతో వస్తున్న మొదటి ఆల్బమ్ ఇదే. ఫంక్, సోల్ పాటలు ఎనిమిది. నీకు అర్థమయ్యేలా చెప్పాలంటే, నడుముని ఊరుకోనివ్వనిది ఫంక్, కడుపులోంచి కేకలా వచ్చేది సోల్. ఉత్తరంతో పాటు పెన్ డ్రైవ్ ఉంది. అందరికన్నా ముందు నువ్వే వినాలి.

ఇట్లు,
నోటికి తాళం వేసుకున్న ధనశ్రీ.

తా.క. పాటలు పన్నెండున మ్యూజిక్ కంపెనీకి ఇస్తాను, పదిహేనున విడుదల. ఈలోగా ఆల్బమ్ ఇంకెవరి చెవిన పడినా ఒప్పందం రద్దని ఆ కంపెనీ మేనేజరు ఉమామహేష్ గారు సంతకం పెట్టించుకున్నారు. జాగ్రత్త.

*

జాలారిపేట,
4వ తేదీ.

చిరంజీవి ధనశ్రీకి మావయ్య సూరన్న దీవెనలు.

పెన్ డ్రైవ్ అందింది. రొయ్యల కింద ఉంది, తుడిచాను. సెల్‌ఫోన్ కొట్టు సూర్యకళ దగ్గర ఎనిమిది పాటలూ విన్నాను. బాగున్నాయి. మూడో పాటలో నువ్వు అరిచిన చోట, ఎవరికి ఏమైందోనని రోడ్డు మీది వాళ్ళు ఇద్దరు కొట్లోకి పరిగెత్తుకొచ్చారు.

కొత్త పడవ తొలి వేటలో పడిన చేపలు అమ్మకూడదు, పంచాలి. అమ్మిన వాళ్ళకి రెండో వేట దక్కదు. నువ్వు మర్చిపోయినా నేను మర్చిపోలేదు. నీ తొలి వేట ఈ ఆల్బమే. గంగమ్మ గుడికి ఒక పాట, పేట పెద్ద అప్పలసూరికి ఒకటి, గంప మోసే గంగాలమ్మకి ఒకటి, పాటలు ఎక్కించి ఇచ్చిన సూర్యకళకి ఒకటి, పడవలున్న మూడిళ్ళకి మూడు. ఎనిమిదోది నా వాటా.

నీ సంతకం సంగతి నాకు గుర్తుంది. ఒక్క చేపని వేట అనరు, ఒక్క పాటని ఆల్బమ్ అనరు. ఏ ఇంటికీ ఆల్బమ్ వెళ్ళలేదు.

ఆశీస్సులతో,
సూరన్న.

తా.క. అప్పలసూరి వాటాకి ఇంగ్లీషు పాట పడింది. "ఏటి సూరన్నా, పెద్దోడికి ముళ్ళ సేప ఏసినావు" అని నాతో మాట్లాడటం మానేశాడు.

*

దువ్వాడ,
5వ తేదీ.

మావయ్యకి నమస్కారం.

అరవకూడదు కాబట్టి దిండు కొరికాను. ఇంటివాళ్ళకి కొత్త దిండు కొనివ్వాలి.

ఇది వేట కాదు మావయ్యా. ఉమామహేష్ గారికి తెలిస్తే ఆల్బమ్ మూలపడుతుంది. మళ్ళీ నేను ఆ హోటల్లో పప్పు గరిటెల చప్పుడు మధ్య పాడుకోవాలి. ఇంకో పదకొండేళ్ళు నావల్ల కాదు. ఇవాళే అందరి ఫోన్లలోంచీ పాటలు తీయించు.

నీ ధనశ్రీ.

తా.క. గుడికి ఏ పాట ఇచ్చావు? ఐదోది కాదని చెప్పు.

*

జాలారిపేట,
7వ తేదీ.

చిరంజీవి ధనశ్రీకి దీవెనలు.

ఇచ్చిన వాటా వెనక్కి అడగడం మన పేటలో లేదు. నీ కోసం తల వంచుకుని అడిగాను. గంగాలమ్మ నడివీధిలో "తిన్న సేప కక్కమంతన్నావేటి బావా" అంది. మిగతా వాళ్ళు అంత మర్యాదగా చెప్పలేదు.

పైగా రెండో పాట ఇచ్చి ఏడో పాట పుచ్చుకుంటామని రెండిళ్ళ వాళ్ళు బేరానికి దిగారు. అలా చేతులు మారితే ఎవరో ఒకరి దగ్గర ఆల్బమ్ తయారవుతుందని చెప్పి ఆపాను. చూశావా, నీ ఒప్పందాన్ని నేనే కాపాడుతున్నాను. అప్పలసూరి కూడా మెత్తబడ్డాడు. వల బాగుచేసుకుంటూ ఆ ఇంగ్లీషు పాటే పాడుతున్నాడు.

సూరన్న.

తా.క. గుడికి ఇచ్చింది ఐదోదే. "నీ మొహం నాకొద్దు, నీ గడప నాకొద్దు" అని రోజూ పొద్దున్నే మైకులో వేస్తున్నారు. గంగమ్మకి సరిపోయిందని పూజారి అన్నాడు. తాగొచ్చే మగవాళ్ళు గుడి ముందు నుంచి నడవడం మానేసి చుట్టూ తిరిగి పోతున్నారు.

*

దువ్వాడ,
8వ తేదీ.

మావయ్యా,

అంతా అయిపోయింది. గుడి మైకు పాటని ఎవరో వీడియో తీసి ఉమామహేష్ గారికి పంపారు. ఆయన ఫోన్ చేశారు. నేను మాట్లాడకూడదు కాబట్టి ఆయనే పావుగంట మాట్లాడారు. రేపు మారు పేరుతో జాలారిపేట వచ్చి, ఒక్క పాట చేతికి చిక్కినా ఒప్పందం చింపేస్తారట.

మైకు ఆపించు. ఎవరి ఫోనూ మోగకూడదు. నువ్వు ఆయన కంటపడకు.

ధనశ్రీ.

తా.క. గోదావరి వైపు మనిషి. తెల్ల చొక్కా, నల్ల కళ్ళద్దాలు.

*

జాలారిపేట,
10వ తేదీ.

చిరంజీవి ధనశ్రీకి మావయ్య సూరన్న సంతోషంగా రాస్తున్నది.

నిన్న ఆ మనిషి వచ్చాడు. పేరు తాతబాబు అని, చేపలు కొనడానికి వచ్చానని చెప్పాడు. చేప వైపు ఒక్కసారి చూడలేదు, అందరి ఫోన్ల వైపే చూశాడు. మేం ఒడ్డు మీద పెద్దవల లాగుతున్నాం. "ఇద్దరు తక్కువైనారు బాబూ, ఓ సెయ్యెయ్యండి" అన్నాను. కాదంటే అనుమానం వస్తుందని కాబోలు, బూట్లు విప్పి తాడు పట్టాడు.

అప్పలసూరి తన ఇంగ్లీషు పాట అందుకున్నాడు. మాటలు సగం మనవే కలిపాడు. దరువు పడిన చోటల్లా అందరం ఒక్క ఊపున లాగాం. మీ మేనేజరుకి మొదట చేతులు ఆడాయి, తర్వాత నడుము ఆడింది. సూర్యకళ వీడియో తీసింది. వల ఒడ్డుకి వచ్చేసరికి తెల్ల చొక్కా తెల్లగా లేదు.

"తాడు లాగినోడికి వాటా ఉంటాది బాబూ. సేప కావాలా, పాట కావాలా?" అని అడిగాను. సాక్ష్యం చిక్కిందనుకున్నాడు. ఆత్రంగా పాటే కావాలన్నాడు. నలభై మంది ముందు నా ఎనిమిదో పాట సూర్యకళ చేత ఆయన ఫోనులో ఎక్కించాను. అప్పుడు కళ్ళద్దాలు తీసి, తానెవరో చెప్పి, అందరి మీదా కేసు పెడతానన్నాడు.

అప్పలసూరి నెమ్మదిగా అన్నాడు. "పెట్టండి బాబూ. పాట పుచ్చుకున్నోళ్ళం ఎనిమిది మందిమి. తొమ్మిదో పేరు మీదే రాయాల. మీ వీడియో కూడా ఉంది."

ఆయన కేసు మాట మళ్ళీ ఎత్తలేదు. తర్వాత ఇసకలో కూర్చుని ఆ పాట మూడుసార్లు విన్నాడు. ఇక్కడ తనకేమీ దొరకలేదని రేపు నీకు ఫోన్ చేసి చెబుతానన్నాడు. పదిహేనున విడుదల ఖాయం. నువ్వు ఏమీ తెలియనట్టు ఉండు. ఎలాగూ మాట్లాడకూడదు కదా.

ఇట్లు,
సూరన్న.

తా.క. మనిషి ఇంకా వెళ్ళలేదు. మిగతా ఏడు పాటల కోసం పొద్దుట నుంచి ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. ఒక్కరూ ఇవ్వలేదు. గంగాలమ్మ అయితే గుమ్మంలోనే ఆపేసింది. "ఎవరో కంపెనీ వోళ్ళు అమ్ముతారంట. అందర్నాగే నువ్వూ కొనుక్కో బాబూ" అంది.