నన్నెవరూ అడగని పథ్యం

మంగళవారం, టకానిని

మా రూతు పరిశోధనకి హాస్పిటల్ వాళ్లు ఒప్పేసుకున్నారు! దేవునికి స్తోత్రం. ఇక్కడ, ఈ పరాయి దేశంలో కాన్పయిన మన ఆడపిల్లలకి ఏ తోడు కావాలో నా కూతురు తెలుసుకుంటుందట, చర్చి హాల్లో వారం వారం వాళ్లని కూర్చోబెడుతుందట. సంతోషం పట్టలేక షుగరున్నా సరే రెండు లడ్లు తినేశాను.

కానీ ఒకటి గుచ్చుతోంది. పాతకాలం బాలింత పథ్యాల గురించి రూతు ఫోన్లో రికార్డు చేసుకున్నది నన్ను కాదు, వాళ్లత్తగారు మార్తమ్మగారిని. రెండు గంటలు! ఈరోజు ఆవిడ సోఫాలో మహారాణిలా కూర్చుని, "అన్నయ్యగారూ, బాలింత సంగతులు మగాళ్లకేం తెలుస్తాయి?" అంది. కడుపు మండిపోయింది.

రూతు పుట్టినప్పుడు మా ఇంట్లో ఆడదిక్కు లేదు. వెల్లుల్లి కారం దంచి, వాము నీళ్లు కాచి, వాళ్లమ్మకి నెల రోజులు పథ్యం పెట్టింది నేనే. ఆ మాట పైకే అనేశాను.

"ఇన్నాళ్లూ చెప్పలేదేం నాన్నా?" అంది రూతు.

"నువ్వడిగావా?"

వెంటనే ఫోను తీసి నా ముందు పెట్టింది. మూడు గంటలు చెబుదామనుకున్నాను. ఇరవై నిమిషాలకే అయిపోయింది. కారంలో ఉప్పెంత వేసేవాణ్ణో గుర్తు రాలేదు. వాళ్లమ్మ ఉండుంటే అందించేది...

సరే. రేపు పొద్దున్నే కబురు చెప్పాల్సిన వాళ్లు: ఏలూరు చెల్లి, ఈ దేశంలోనే టౌరంగాలో ఉన్న తమ్ముడి కొడుకు, కాకినాడ బావగారు, మార్తమ్మగారి అక్కగారు. నన్ను కూడా రికార్డు చేశారని అందరికన్నా ముందు ఆ అక్కగారికే చెప్పాలి.