గిన్నె కోసం వెళితే

రత్నం,

నువ్వు పోయాక మౌంట్ ఆల్బర్ట్‌లోని మన తెలుగు చర్చికి నిన్ననే మొదటిసారి వెళ్లాను. ప్రార్థనకు కాదు, వాళ్లు తిరిగి ఇవ్వని నీ బిర్యానీ గిన్నె కోసం. వెనక గదిలో కుర్చీల మధ్య వెతుకుతుంటే, నీ సమాధి దగ్గర కూడా పార్కింగ్ గురించే మాట్లాడిన ప్రభాకర్ పరుగున వచ్చాడు.

"అంకుల్, సంఘ పెద్ద ఎవరని గొడవై చీట్లు వేశాం. మీ పేరొచ్చింది. గాడిదల్ని వెతకబోయిన సౌలుకి ఇశ్రాయేలు రాజ్యం దొరికినట్టే. చీటీ తన పేరున వస్తే సామాన్లలో దాక్కున్న ఆయన్లాగే మీరూ సామాన్లలో దొరికారు."

"సౌలును రాజుని చేసినందుకు దేవుడే తర్వాత బాధపడ్డాడు, చదవలేదా?"

"మీరు చదివారుగా, జాగ్రత్తగా ఉంటారు."

కుదరదని వచ్చేశాను.

జనం రాజు కావాలని సతాయిస్తే దేవుడు విసిగి ఇచ్చాడని నేను, గాడిదలు తప్పిపోవడం కూడా ఆయన ఏర్పాటేనని నువ్వు, పెళ్లైనప్పటి నుంచీ వాదించుకున్నాం. నిన్న నువ్వుండి ఉంటే "దేవుని మీద అలగడానికి మీరెవరండీ" అనేదానివి. నీకు చెప్పాల్సిన జవాబులన్నీ సిద్ధం చేసుకుని మన ఇంటి హాల్లో చాలాసేపు కూర్చున్నాను. ఎదురు చెప్పే మనిషి లేకపోతే వాదన నిలబడదు.

ప్రభాకర్‌కి ఫోన్ చేసి సరేనన్నాను. నువ్వు గెలిచావని మాత్రం అనుకోకు.