కూజాకి మూడు వాక్యాలు

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లాయికి అక్క ఆశీస్సులు.

ఇక్కడ మనుషులిద్దరం క్షేమం. వస్తువులు మాకంటే క్షేమం. నువ్వూ, మరిదిగారూ కులాసా అని తలుస్తాను.

నా మోకాలి సంగతి అడిగావు, కాస్త నయం. మీ బావ ఇన్నేళ్లుగా పోగేసిన పింగాణీ, గాజు సామాను, నగిషీ పెట్టెలు అన్నీ ఊరికి దానం చేశారు. కింది అంతస్తంతా మ్యూజియం. మేం మేడ మీద రెండు గదుల్లోకి సర్దుకున్నాం. శుక్రవారం ప్రారంభం. ఊరంతా ఆయన్ని పొగుడుతుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

ఆయన ప్రతి వస్తువుకీ ఒక చీటీ రాస్తారు. ఎప్పుడు, ఎక్కడ దొరికింది, ఎలా ఉంది, చూడగానే ఏమనిపించింది. మొన్న సొరుగు సర్దుతూ నీలం కూజా చీటీ చదివాను. "కిటికీ వెలుగులో చూశాను. కాసేపు నోట మాట రాలేదు. ఇంటిదాకా ఒళ్లో పెట్టుకుని వచ్చాను." పెళ్లయ్యాక నన్ను తీసుకొచ్చిన రోజు బండిలో సామాన్ల మధ్య కూర్చోబెట్టారు, గుర్తుందా? కూజా మీద కుళ్లేమిటని నవ్వకు. కుళ్లుకున్నాను.

అందుకే గురువారం రైలుకి వస్తానని రాశాను. ఎన్నాళ్లుంటావని అడిగావు. నిజానికి తిరిగి రాకూడదనే అనుకున్నాను.

ఇంకో సంగతి దాచాను. మరిదిగారికి చదివి వినిపించకు. ఆ కోపంలో నా మీదే ఒక చీటీ రాసి సొరుగులో పడేశాను. "వస్తువు: భార్య. దొరికినది: పెళ్లినాడు. స్థితి: అక్కడక్కడ బీటలు." ఏమనిపించిందన్న చోట ఖాళీ వదిలేశాను.

నిన్న చీటీలు సరిచూసే గుమాస్తా మేడెక్కి వచ్చాడు.

"అమ్మగారూ, దీనికి నంబరు లేదండీ. అయ్యగారు దిద్దారు. ఏ బీరువాలో పెట్టమంటారు?"

నాకు తల కొట్టేసినట్టయింది. లాక్కుని చదివాను.

మీ బావ పెళ్లి తేదీ కొట్టేసి, ఏడాది ముందుది వేశారు. పక్కన "గొడుగుల దుకాణం" అని ఉంది. మనిద్దరం నాన్న గొడుగు బాగుచేయించడానికి వెళ్లిన రోజే! ఖాళీలో ఇలా రాశారు: "వానలో నిలబడి దుకాణదారుతో గట్టిగా బేరమాడుతోంది. నా గొడుగు అక్కడే మరిచిపోయి తడుస్తూ ఇంటికి పోయాను." అడుగున ఎర్ర సిరాతో, "దానానికి కాదు."

ఇన్నేళ్లలో ఒక్కసారైనా నోటితో చెప్పలేదే ఈ మనిషి! కూర్చుని ఏడ్చాను.

గురువారం స్టేషనుకి రాకు. శుక్రవారం నేను ముందు వరుసలో ఉంటాను. కానీ కూజాకి మూడు వాక్యాలు, నాకు రెండా? అది మాత్రం అడిగి తీరతాను.

ఇట్లు,
కట్టిన పెట్టె విప్పేసిన
మీ అక్క