ప్రశ్నార్థకం తర్వాత అమ్మ పేరు

ఆగస్టు 4
చీరల సైటు ఇవాళ తెరిచాం. రవి సార్ ఆఫీసంతా లడ్డూలు పంచాడు. ప్రతి చీర కొంగుకు ఒక గుడ్డ ట్యాగు, దాని మీద క్యూఆర్ కోడ్. ఫోన్ పెడితే నేసినవారి పేరు వస్తుంది. నకిరేకల్ బస్సు దిగి ఇంటికి రాగానే మా చీరకే ఫోన్ పెట్టి అమ్మకు చూపించాను. చేసింది నేనే కదా, గొప్ప. తెర మీద: నేత – నర్సింహ.
అమ్మ కళ్లద్దాలు సరిచేసుకుని కాసేపు చూసింది. "మీ బాపు పేరొక్కటే ఉన్నది గద... మరి గా పిల్ల నా పేరు గూడ అడిగి రాసుకపాయె?"
చూస్తానన్నాను.

ఆగస్టు 5
ఆ పిల్ల మా ఆఫీసు షబానానే. నేత ఊళ్లన్నీ తిరిగి ట్యాగులకు పేర్లు తెచ్చింది. అడిగితే కస్సుమంది. "నేనెందుకు ఇడుస్తనే? ఆసు ఎవలు పోసిండ్రు, మగ్గం మీద ఎవలు కూసున్నరు... పని ఎట్ల నడుస్తదో గట్లనే ఎక్కించిన. ముందు మీ అమ్మ, ఎనక మీ బాపు."
ఆసు అంటే మేకుల చుట్టూ దారం పోసి డిజైన్‌కు సిద్ధం చేయడం, అది అమ్మ పని; మగ్గం బాపుది. మరి అమ్మ ఎక్కడ పోయింది?

ఆగస్టు 6
దొరికింది. సర్వర్ లాగ్ తెరిచి, ట్యాగు కోడ్ పంపే చిరునామాను, అదే యూఆర్ఎల్‌ను, విడగొట్టకముందు ముడిగా చదివాను. ప్రశ్నార్థకం తర్వాత ఉండే తోక, క్వెరీ స్ట్రింగ్ –

?weaver=andalu&weaver=narsimha

అమ్మ అండాలు, బాపు నర్సింహ – ఇద్దరూ ఉన్నారు. కానీ మా ప్రోగ్రాం ఈ తోకను నేరుగా చదవదు. ఎవరో రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్ విడగొట్టి చేతికిచ్చింది తీసుకుంటుంది. weaver అనే ఒకే మాట కింద రెండు పేర్లొస్తే, ఆ కోడ్ మొదటిది తుడిచేసి చివరిది ఉంచుకుంటుంది. తప్పు జరిగిందని కూడా చెప్పదు.
కిందికి జరుపుతూ పోయాను. తోకలో యాదమ్మ, వెంకటేశం – తెర మీద వెంకటేశం. తోకలో సుగుణ, భిక్షపతి – తెర మీద భిక్షపతి. ఆడవాళ్లంతా సర్వర్ దాకా వచ్చారు. వచ్చి గడప బయటే నిలబడ్డారు. ఒళ్లు మండిపోయింది.

ఆగస్టు 7
ముడి స్ట్రింగ్‌నే తీసుకుని, & గుర్తు దగ్గర విడగొట్టి, పేర్లన్నీ వరసగా చూపించేలా రాశాను. చిన్న పని. నా సిస్టంలో అండాలు, నర్సింహ పక్కపక్కనే వచ్చారు. షబానా చప్పట్లు కొట్టింది. సార్‌కు చెప్పి సైటులో పెట్టేయడమే.

ఆగస్టు 8
పెట్టొద్దట.
రవి సార్ ఈ సైటు చేయించుకున్న చీరల షావుకారుకు ఫోన్ చేసి అడిగాడు. అక్కణ్నుంచి వచ్చిన మాట – "కొనెటోళ్లకు ఒక చీర, ఒక పేరు. ఇద్దరిని పెడితే ఇంతకు నేసింది ఎవలని అడుగుతరు." సార్ తన తెలివి కూడా కలిపాడు: "ఆసు పోసుడు గూడ నేతేనా? జర ఆలోచించు."
"ఆసు పోయకుంటే డిజైన్ ఏడికెళ్లి వస్తది సార్? తెల్లగుడ్డ అమ్ముకోవాలె."
"పోయి చాయ్ తాగి రా పో" అన్నాడు. తాగలేదు.

ఆగస్టు 9
ఆదివారం. అమ్మ ఆసు ముందు కూర్చుంది. మేకుల చుట్టూ దారం తిప్పుతూ చెయ్యి పోతుంది, వస్తుంది, పోతుంది... కుడి భుజం ఎప్పుడో పోయింది. చెయ్యి ఎక్కువ ఆడించొద్దన్నాడు నల్లగొండ దవాఖానలో డాక్టరు. ఆడించకుండా చీర ఎట్లా వస్తుందో ఆయనే చెప్పాలి.
బాపుకు సంగతి చెప్పాను. మగ్గం మీంచి తల ఎత్తకుండానే – "పేరుల ఏమున్నదే. ఇంట్ల ఎవల పేరుంటేంది."
పేరున్న మనిషికి ఆ మాట ఎంత సులువు! బాపు మీద ఇంత కోపం నాకెప్పుడూ రాలేదు.

ఆగస్టు 11
శుక్రవారం హైదరాబాదులో ఎగ్జిబిషన్. స్టాల్లో బాపు నిలబడతాడు. వచ్చినవాళ్లంతా ఫోన్లు పెట్టి చూస్తారు. ఆ చీరలు ఎవరింటికో పోతాయి, మళ్లీ మా కంటబడవు.
రవి సార్ చివరి మాట చెప్పాడు. "ఇద్దరి పేర్లు కనవడితే నువ్వు సోమవారం నుంచి రావద్దు. ఒక్కటే పేరు. ఏదైతేంది, ఒక్కటి."
ఏదైతేంది... అన్నది ఆయనే.

ఆగస్టు 12
ముడి స్ట్రింగ్‌లోంచి మొదటి పేరు మాత్రమే తీసుకునేలా మార్చాను. ఒక్కటే పేరు, సార్ చెప్పినట్టే. అండాలు. యాదమ్మ. సుగుణ. మగవాళ్లంతా మాయం. నా సిస్టంలోనే, ఇంకా బయట పెట్టలేదు. నవ్వుకున్నాను. మంచి నవ్వు కాదది.

ఆగస్టు 13
అమ్మకు లాప్‌టాప్‌లో చూపించాను. పేరు కింద వేలు పెట్టి అక్షరం అక్షరం చదివింది. సంబరపడింది – నేను చూశాను. ఆ వెంటనే బాపు కూర్చునే వైపు చూసింది.
"మరి మీ బాపు ఏడి?"
"ఒక్కలదే పెట్టాలన్నరు అమ్మా."
"రేపు నలుగుట్ల నిలవడెటోడు ఆయన. చీరకు ఆయన పేరు లేకుంటే మొఖం ఏడ పెట్టుకుంటడే?"
ఇన్నేళ్లూ నీ మొహం ఎక్కడ పెట్టుకున్నావమ్మా... అని మనసులో అనుకున్నాను.
అమ్మ తెర వైపే చూస్తోంది. "గింత జాగ ఉన్నది గద బిడ్డా. ఇంకో పేరు పట్టదా?"
పడుతుంది. మా వాడకట్టు మొత్తం పడుతుంది. లాప్‌టాప్ మూసేశాను.

ఆగస్టు 14
బాపు పొద్దున్నే బస్సెక్కాడు. నేను ఆఫీసులో. మూడు రకాలుగా రాసినవీ ముందున్నాయి – బాపు ఒక్కడే, అమ్మ ఒక్కతే, ఇద్దరూ. ఏదీ నొక్కలేదు; సైటులో ఇంకా పాతదే, బాపు పేరే. స్టాల్ తెరిచే వేళయింది.
అమ్మ ఫోన్.
"తెరిచిండ్రా? ఎవల పేరొస్తున్నది బిడ్డా?"
ఇంకా లోడవుతున్నదని చెప్పాను.