ముందు వరస కుర్చీలు

ప్రియమైన కత్తెరా,

ఫోన్ చేస్తే నీకు సగం వినపడదు, వినపడిన సగానికి వేరే జవాబు చెప్తావు. అందుకే కాగితం పట్టాను. మీ వీధికీ మా వీధికీ మధ్య రాకపోకలు లేకుండా కర్రలు కట్టేశారు కదా, పాలావిడ ఒక్కతే రెండువైపులా తిరుగుతోంది. ఆవిడ చేత పంపుతున్నాను.

పది రోజుల క్రితం పార్టీ ఎన్నికల ప్రచారానికి బండిలో కూర్చుని "మహాసభకు తరలిరండి" అని అరిచిన నోటితోనే ఇప్పుడు "ఇళ్ళు దాటి రాకండి" అని అరుస్తున్నాను. అదే బండి, అదే మైకు. చేతిలో కాగితమే మారింది. నిన్న మేడ మీద నుంచి ఒకాయన, "ఇంతకీ నీ ఏ మాట నమ్మమంటావయ్యా?" అని అడిగాడు. బండి ఆగలేదు.

గదికొస్తే పలకరించే దిక్కులేదు. మైకు పెట్టెల మధ్య కూర్చుని గోడకేసి చూస్తున్నాను. చెల్లెమ్మ ఎలా ఉంది?

నీ మైకు


ప్రియమైన మైకూ,

నీ రాత కన్నా నీ అరుపే నయంరా, అదైనా అర్థమవుతుంది.

సభకు కుట్టగా మిగిలిన జెండా గుడ్డతో మాస్కులు కుడుతున్నాను. ఎదురింటి మాస్టారికి ఒకటి పంపితే, "మీ పార్టీ నా ముక్కు మీదెందుకు?" అని తిప్పి పంపాడు. వాళ్ళ పక్షానికి ఈ జబ్బు నిజమట, మన పక్షానికి పుకారట. దగ్గు మాత్రం రెండు పక్షాల ఇళ్ళలోనూ ఉందని మీ చెల్లెలు చెప్పింది. నాకెలాగూ వినపడదు.

ఆమెకు నిన్నటి నుంచి ఒళ్ళు వెచ్చగా ఉంది. పని ఎక్కువై ఉంటుంది. కంగారుపడకు.

నీ కత్తెర


ప్రియమైన కత్తెరా,

చెల్లెమ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళారని పాలావిడ చెప్పింది. రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. ఇక దాచలేను.

సభకు ముందురోజే నాకు తెలుసు. ఊళ్ళో పద్నాలుగు మందికి వచ్చిందని ఆసుపత్రి డ్రైవరు చెప్పాడు. పార్టీ ఆఫీసుకెళ్ళి, "దూరం దూరంగా కూర్చోండని ఒక్క ముక్క చేర్చమంటారా?" అని అడిగాను. "కుర్చీలు నిండాలి. రాసింది చదువు, నీ సలహా ఎవడడిగాడు?" అన్నారు. చదివాను. మీ ఇంటి ముందు నీకు వినపడాలని గొంతు పెంచి మరీ చదివాను.

నన్ను తిట్టు. ఒక్క ముక్కైనా రాయి.

మైకు


కత్తెరా,

చెల్లెమ్మ ఇక లేదని తెలిసింది. కర్రల దాకా వచ్చాను. కాపలావాడు వెనక్కి తోసేశాడు. మీ ఇంటి కిటికీ కనపడింది, నువ్వు కనపడలేదు.


ప్రియమైన మైకూ,

నీ ఉత్తరాలన్నీ అందాయి. నిన్ను తిట్టాలనే చాలాసార్లు మొదలుపెట్టాను. రెండు వాక్యాలు దాటలేదు.

మేము సభకు వెళ్ళింది నీ మాట విని కాదురా. డ్రైవరు నీకు చెప్పిన మాట పాలావిడ మా ఇంట్లోనూ చెప్పింది. మీ చెల్లెలు, "నేను రాను, మీరూ వెళ్ళకండి" అంది. నేనే వినలేదు. జెండాల పని ఇచ్చినవాళ్ళకు ముందు వరసలో మనిద్దరం కనపడాలి, లేకపోతే రేపు ఆ పని ఇంకొకడికి పోతుందన్నాను. "సరే, మీకోసం" అని బట్టలు మార్చుకుంది. ఆ మాట నాకు వినపడలేదని అనుకోవాలని చూశాను. వినపడింది. చెవి దగ్గరికొచ్చి చెప్పింది.

ఆసుపత్రిలో అద్దం అవతల నుంచి చెయ్యి ఊపింది. ఏదో చెప్పింది కూడా. పెదాలు కనపడితే నాకు తెలిసిపోయేది, ముప్ఫై ఏళ్ళుగా అలాగేగా మాట్లాడుకున్నాం. ముఖానికి నేను కుట్టిన మాస్కు ఉంది. ఏం చెప్పిందో ఎవర్నడగను?

ఆ జెండాల పని ఇచ్చినవాళ్ళే ఎన్నికల్లో గెలిచారు. నిన్న ఒక మనిషొచ్చి ఊరేగింపుకు జెండాలు కావాలన్నాడు. ఆమె సంగతి అడగలేదు. కుట్టనన్నాను. పౌరుషం అనుకునేవు, కాదు. సూదిలో దారం ఎక్కించేది ఆమె.

నీ మీద కోపం ఉంటే బాగుండేది. కోప్పడటానికైనా ఒక మనిషి ఉన్నట్టుండేది. ఇక్కడ నేనూ ఈ మిషనూ. మాస్టారు రోజూ గుమ్మంలో అన్నం పెట్టి, నేను తలుపు తీసేలోపు వెళ్ళిపోతున్నాడు.

రేపు కర్రలు తీసేస్తారట. వస్తే తలుపు కొట్టకు, నాకు వినపడదు. గడియ వెయ్యను. తోసుకుని వచ్చెయ్యి.

కత్తెర