నువ్వు పోయాక వచ్చిన మార్కులు

అక్కా,

ఎమ్మెస్సీ నర్సింగ్‌లో నాకు సీటొచ్చింది. నువ్వు చదవవని తెలిసీ, ముందుగా నీకే చెప్పాలనిపించి రాస్తున్నాను.

పోయిన వారం తార్నాక దగ్గరి క్యాంపస్‌లో ఇంటర్వ్యూ జరిగింది. బీఎస్సీ రెండో ఏడాదిలో రెండు సబ్జెక్టులు తప్పినదాన్ని తీసుకుంటారన్న ఆశ నాకు లేదు. అనుకున్నట్టే నా మార్కులు చూస్తున్న పెద్ద మేడం అక్కడే ఆగింది.

"సెకండియర్ల ఏమైందమ్మా?"

"మా అక్కకు కిడ్నీలు చెడిపోయినయ్ మేడం. డయాలసిస్‌కు నేనే తోల్కపోయేదాన్ని. క్లాసులకు సరిగ పోలేదు."

ఆమె తల ఊపింది. "మేం ఫెయిలైన సంవత్సరం ఒక్కటే చూడం. తర్వాత ఎట్ల లేచినవో గూడ చూస్తం. థర్డియర్ల క్లాస్ ఫస్ట్ వచ్చినవ్. అంత మార్పు ఎట్లొచ్చింది?"

పట్టుదలగా చదివానని చెప్పాలనుకునే వెళ్లాను. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"అప్పటికి అక్క లేదు మేడం. హాస్పిటల్‌కు పోయే పని లేకుండె. చదువుకున్న."

పక్కనున్న మేడం మంచినీళ్ల గ్లాసు నా వైపు జరిపింది. తర్వాత ఇంకేమీ అడగలేదు, వెళ్లమన్నారు.

ఈ పొద్దున సీటొచ్చిందని ఫోన్ చేశారు. అమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చి నా నోట్లో చక్కెర పోసింది. ఇన్నాళ్లకు ఆమె ముఖంలో నవ్వు చూశాను. అంతలోనే కొంగు కళ్లకు ఒత్తుకుంది.

"ఇయ్యాల మీ అక్క ఉంటే ఎంత సంబురపడేదో బిడ్డా," అంది.

అవునమ్మా అన్నాను. నువ్వుంటే ఈ సీటు వచ్చేదే కాదని అమ్మకు చెప్పలేదు.